గుంపులో లియోటా

లియోటా బ్రాండ్ ఎన్నిసార్లు చచ్చిపోయిందో ఎవరూ లెక్కపెట్టలేదు. బాణం తగిలి పోయింది, కలరా సోకి పోయింది, పురిట్లో పోయింది, మంచుతుఫానులో దారితప్పి పోయింది. ఏ వారం ఎలా పోతుందో స్క్రిప్టు చేతికి వచ్చేదాకా ఆమెకే తెలిసేది కాదు. ప్రాణం పోయాక మైకు ముందు నుంచి మెల్లిగా వెనక్కి జరిగి, గోడ పక్కన మడత కుర్చీలో కూర్చునేది. నాటకం నడుస్తుండగా తలుపు తెరవకూడదు, దాని చప్పుడు దేశమంతా వినబడుతుంది. ఏదైనా అల్లుకుందామంటే సూదులు టిక్కుటిక్కుమంటాయి. అందుకని చేతులు ఒళ్ళో పెట్టుకుని, తాను లేని ఊళ్ళో తర్వాత ఏం జరుగుతోందో వింటూ కూర్చునేది. ఆ సమయంలో ఆమె మొహం చూడటం నాకు ఇష్టం. నిద్రలోకి జారుకునే పసిపిల్ల మొహంలా ఉండేది.

మేం ఆ రోజుల్లో హాలీవుడ్‌లో ఉండేవాళ్ళం. ఉండేవాళ్ళమంటే సినిమాల్లో కాదు. సినిమావాళ్ళకి కార్లూ ఈతకొలనులూ ఉండేవి, మాకు గొంతులు ఉండేవి. యుద్ధం అయిపోయి సైనికులు ఇళ్ళు చేరుతున్న కాలం. రేడియోలో కౌబాయ్ నాటకం మొదలైతే దేశంలో సగం ఇళ్ళలో గిన్నెల చప్పుడు ఆగిపోయేది. మాది బిట్టర్ వెల్స్ అనే ఊరు. ఆ ఊరు ఏ పటంలోనూ లేదు. బూడిదరంగు గోడల గది, నేల మీద తివాచీ, రెండు మైకులు, అద్దం వెనక డైరెక్టరు. అంతే. కానీ ప్రసారం మొదలై ఎర్రదీపం వెలిగాక ఆ గదిలో ఎండిన గడ్డి వాసన వచ్చేదంటే నమ్మండి. నాకైతే వచ్చేది.

నా పేరు మర్నా. నేను గయ్యాళి భార్యల్నీ, ఊరికి బుద్ధులు చెప్పే పంతులమ్మల్నీ వేసేదాన్ని. ఇంట్లో నా మొగుడు, "జీతం లేకుండా నాకు కూడా రోజూ వినిపిస్తున్నావు కదే" అని ఏడిపించేవాడు. మా ఊరి మార్షల్, అంటే పోలీసు అధికారి, హార్లన్ ప్రూయిట్. అతని గొంతు వింటే ఆరడుగుల మనిషీ, పక్కన నల్లగుర్రమూ కళ్ళకు కట్టేవి. మనిషి మాత్రం నా భుజం దాకా వస్తాడు, బట్టతల, గుర్రాన్ని చూస్తే రోడ్డు దాటి అవతలకి పోతాడు. గుర్రం సంగతి గస్ చూసుకునేవాడు. గస్ మా చప్పుళ్ళ మనిషి. రెండు కొబ్బరిచిప్పలు, ఇసుక పళ్ళెం, పాత జీను, చిన్న సారాకొట్టు తలుపు, నాలుగైదు జతల జోళ్ళు అతని బల్ల మీద ఉండేవి. మేం నిలబడి మాట్లాడతాం, మా బదులు అతను నడుస్తాడు. ముసలి నడక, తాగుబోతు నడక, పెళ్ళికూతురి నడక అన్నీ ఆ రెండు చేతుల్లోంచే వచ్చేవి.

లియోటా పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేది. దళసరి కళ్ళద్దాలు, పెద్ద పాదాలు. స్టూడియోలోకి రాగానే గాజులు తీసి చేతిసంచిలో వేసేది, జోళ్ళు గోడవారన విడిచేది. చేతిలో పేజీ అయిపోతే దాన్ని వదిలే తీరే వేరు. మేమంతా జాగ్రత్తగా జారవిడిస్తే, ఆమె చేతిలోంచి అది తనంతట తాను వెళ్ళిపోయినట్టు తివాచీ మీద వాలేది. ఇక ఆ గొంతు! పదహారేళ్ళ పిల్ల కావాలన్నా, తొంభై ఏళ్ళ అవ్వ కావాలన్నా, చెవిపోటుతో ఏడ్చే మగపిల్లాడు కావాలన్నా అదే గొంతు. ఒకసారి తల్లీ కూతురూ తానే అయి, ఇద్దరి పోట్లాటా తానే పోట్లాడింది. అయ్యాక గస్ దగ్గరికెళ్ళి, "తప్పెవరిదంటావు గస్?" అని అడిగింది. "కూతురిదే, కానీ తల్లి కూడా కాస్త తగ్గొచ్చు" అన్నాడతను, తీర్పు చెప్పే పెద్దమనిషిలా.

నెబ్రాస్కాలో గోధుమ పొలాల మధ్య పుట్టింది లియోటా. చుట్టుపక్కల ఇల్లు లేదు. గాలి హోరుతో మాట్లాడుకుంటూ పెరిగానని చెప్పేది. పందొమ్మిదేళ్ళకి ఊరూరా డేరాలు వేసే నాటకాల కంపెనీలో చేరింది. ఏడాది తిరక్కుండానే ఇంటికి తిరిగొచ్చింది, కడుపుతో. బాకా ఊదే కుర్రాడు కంపెనీతోపాటు తర్వాతి ఊరికి వెళ్ళిపోయాడు. అక్క ఆల్మాకి పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లల్లేరు. బావ చర్చిలో పెద్ద. బిడ్డ పుట్టగానే ఆల్మా తీసుకుంది. వంటింటి బల్ల దగ్గర చెల్లెలి చేత ఒట్టు వేయించుకుంది: ఈ పిల్ల నాది, నువ్వు దానికి పిన్నివి, ఏనాడైనా ఇంకోమాట నీ నోట వచ్చిందా, ఈ గుమ్మం మళ్ళీ తొక్కవు. లియోటా ఒట్టు వేసి, ఆ వారమే పడమటికి రైలెక్కింది. పిల్ల పేరు నాడీన్. ఆదివారం ఆదివారం ఫోనులో ఆ పిల్ల గొంతు వినడం, వేసవిలో ఒకసారి వెళ్ళి మొహం చూసి రావడం, ఇదీ లియోటాకి దక్కింది. అదీ పోతుందేమోనన్న భయం ఆమెను ఒక్కరోజు వదల్లేదు.

ఇదంతా ఆమె నన్ను కూర్చోబెట్టి చెప్పలేదు. గుంపులో విన్నాను.

గుంపంటే చెప్పాలి. సారాకొట్టులో రద్దీ, ఉరితీత చూడ్డానికి వచ్చిన జనం, చర్చి బయట ఆడవాళ్ళు... ఇవన్నీ కావాలంటే ఎక్కడి నుంచి తెస్తారు? ఉన్న ఏడుగురమే మైకుకి దూరంగా జరిగి, ఒకరికొకరం దగ్గరగా నిలబడి ఏదో ఒకటి గొణిగేవాళ్ళం. ఏడుగురి గొణుగుడు కలిస్తే ఊరవుతుంది. ఏం గొణగాలో స్క్రిప్టులో ఉండదు. ఒకడు ఎక్కాలు చదివేవాడు. నేను మార్కెట్లో కొనాల్సినవి చెప్పుకునేదాన్ని. హార్లన్ తన వంతు రాకముందు మాతో కలిసి, తియ్యటి గొంతుతో డైరెక్టరు క్రాలీని అమ్మా ఆలీ అని తిట్టేవాడు. అద్దం వెనక క్రాలీ సంతోషంగా తలాడించేవాడు, గుంపు బ్రహ్మాండంగా ఉందని.

లియోటా కళ్ళు మూసుకునేది. నా భుజం పక్కనే నిలబడి నాడీన్‌తో మాట్లాడేది. "నాడీన్, ఇవాళ మల్లెరంగు గౌను చూశానే, నీకు సరిపోతుంది." "నాడీన్, నీ జుట్టు నా జుట్టే. చిక్కు పడితే కింద నుంచి దువ్వాలి, మీ ఆల్మాకి తెలీదు." "నాడీన్, నేనే నిన్ను కన్న అమ్మని." ఈ చివరి మాట ప్రతి గుంపులోనూ ఒక్కసారైనా అనేది. చుట్టూ జనం అరుస్తుంటే, గస్ గ్లాసులు మోగిస్తుంటే, పియానో వాయిస్తుంటే, ఆ మాట ఎవరికీ తగలకుండా గాల్లో కలిసిపోయేది. మొదట్లో నాకు కంగారు పుట్టేది. తర్వాత అలవాటైంది. కొందరు చర్చికి వెళ్తారు, ఈవిడ బిట్టర్ వెల్స్ సారాకొట్టుకి వస్తుంది అనుకున్నాను.

డైరెక్టరు పిడికిలి బిగిస్తే గుంపు టక్కున ఆగాలి. కళ్ళు మూసుకున్న మనిషికి పిడికిలి ఎలా కనిపిస్తుంది? అందుకని నేను మోచేత్తో పొడిచేదాన్ని. నాది మంచి పదునైన మోచేయి. ఆమె పక్కటెముకలకి బాగా పరిచయం.

మా నాటకం సాయంత్రం రెండుసార్లు ఆడేవాళ్ళం. తూర్పున మాకంటే ముందే పొద్దుగుంకుతుంది కాబట్టి తూర్పువాళ్ళ భోజనాల వేళకి ఒకసారి, మా పడమటివాళ్ళ భోజనాల వేళకి ఇంకోసారి. అదే మాట, అదే చావు. మధ్యలో ఎదురుగా ఉన్న కొట్లో కోడికూర రొట్టె తిని, కాఫీ తాగి వచ్చి మళ్ళీ చచ్చేవాళ్ళం.

ఆ రోజు కథలో సారాకొట్టు కిటకిటలాడుతుంటుంది. మార్షల్ తలుపు తోసుకుని లోపలికి వస్తాడు. అందరూ ఒక్కసారిగా నోరు మూస్తారు. ఆ నిశ్శబ్దంలో అతని బూట్లు మాత్రమే నడవాలి. భలే చోటు అది. దాని తర్వాత వెంటనే నా డైలాగు ఉండటంతో క్రాలీ నన్ను ముందే రెండో మైకు దగ్గరికి పంపేశాడు. లియోటా పక్కన ఎక్కాలవాడు నిలబడ్డాడు.

గుంపు మొదలైంది. పియానో, గ్లాసులు, నవ్వులు. రెండో మైకు దగ్గర్నుంచి చూస్తే లియోటా కళ్ళు మూసుకుని కొద్దిగా ఊగుతోంది. ఆ మధ్య నాడీన్‌కి పదహారో పుట్టినరోజు వచ్చి వెళ్ళింది. ఈవిడ వెళ్ళలేకపోయింది. అదేనేమో, మనిషి ఎక్కడికో వెళ్ళిపోయింది. ఆ పొలాలు, ఆ గాలి, ఆ పిల్ల జుట్టు, అవన్నీ ఆమె మొహం మీద కదలడం నాకు కనిపిస్తోంది. క్రాలీ పిడికిలి బిగించాడు. అందరూ ఆగారు. గస్ తలుపు కిర్రుమంది.

"నాడీన్, నేనే నిన్ను కన్న అమ్మని."

ఆ నిశ్శబ్దంలో ఆ మాట గంట కొట్టినంత స్పష్టంగా పలికింది. గొణుగుడు లేదు, అరుపు లేదు. ఎన్నేళ్ళుగానో దాచుకున్న మాట, ఆ గొంతులో. లియోటా కళ్ళు తెరిచింది. అద్దం వెనక క్రాలీ జుట్టు పీక్కుంటున్నాడు. దేశమంతా వింది, ఇక చేసేదేమీ లేదు.

అప్పుడు హార్లన్ మైకు వైపు వంగాడు. స్క్రిప్టు చూడలేదు. "తెలుసులే అమ్మా," అన్నాడు మార్షల్ గొంతుతో, ఎంతో మెల్లగా. "బిడ్డలకి తెలుస్తుంది. పదండి, కాసేపు చల్లగాలికి వెళ్దాం."

గస్ ఒక్క క్షణం ఆలోచించలేదు. ఒక చేతిలో బూట్లు, ఇంకో చేతిలో ఆడవాళ్ళ జోళ్ళు పట్టుకుని చెక్క మీద నడిపించాడు. బరువైన అడుగులు, వాటి పక్కన తడబడే అడుగులు. తలుపు తెరుచుకుంది, ఊగింది, మూసుకుంది. లియోటా కదల్లేదు. ఉత్తకాళ్ళతో తివాచీ మీద నిలబడి, తన అడుగులు తనను విడిచి బయటికి వెళ్ళిపోవడం వింటోంది. బయట రాత్రిగాలి కూడా పెట్టాడు గస్, గాడిద కొడుకు. నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఏడుస్తూనే గయ్యాళి డైలాగు చెప్పాను, చాలా బాగా వచ్చిందన్నారు.

దీపం ఆరగానే క్రాలీ తలుపు తన్నుకుని వచ్చాడు.

"లియోటా! ఏంటమ్మా ఇది? ఎవరీ నాడీన్? నా సీనులోకి ఎందుకొచ్చింది?"

"చెయ్యి చూడలేదండీ," అంది లియోటా. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"చూడలేదా? అయితే ఆ కళ్ళద్దాలెందుకు, ముక్కుకి బరువా? ఇవాళ్టితో నీకూ నాకూ..."

అతని మాట పూర్తి కాలేదు. నాటకానికి డబ్బులిచ్చే సబ్బుల కంపెనీ పెద్దమనిషి రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు. "క్రాలీగారూ, ఆ తల్లి ఉంది చూశారూ! సారాకొట్టులో బిడ్డను వెతుక్కునే పిచ్చితల్లి! ముందే ఎందుకు చెప్పలేదండీ నాకు? మా ఆవిడ ఇంటి నుంచి ఫోను చేసి మరీ ఏడ్చింది."

క్రాలీ పీక్కున్న జుట్టు సర్దుకున్నాడు. "మీకు కొత్తగా ఉండాలని దాచానండీ," అన్నాడు. హార్లన్ అటు తిరిగి దగ్గాడు.

నిమిషంలో టైపు మిషను టకటకలాడింది. రెండో ఆటకి ఆ సీను అలాగే ఉండాలి, అదే మాట, అదే చోట, హార్లన్ జవాబుతో సహా. టైపు చేసిన కాగితం తెచ్చి లియోటా చేతిలో పెట్టారు. ఆమె దాన్ని చదివింది. 'తల్లి: నాడీన్, నేనే నిన్ను కన్న అమ్మని.' నిజంగా ఎవరో కొత్తమనిషి పాత్రను చదువుతున్నట్టు రెండుసార్లు చదివింది.

"ఇక ఆల్మా నన్ను గుమ్మం తొక్కనివ్వదే మర్నా," అంది. "వాళ్ళు ప్రతి వారం వింటారు. ముగ్గురూ రేడియో ముందే కూర్చుంటారు."

"పోనీలేవే. తెలిసిపోయింది కదా, ఒక పీడ వదిలింది."

"నాడీన్ ఏమనుకుంటుందో..." ఆ మాట అంటున్నప్పుడు చూశాను. భయం ఉంది. కానీ భయం కింద ఇంకోటి ఉంది. పండగ రోజు తెల్లారకముందే లేచి కూర్చున్న పిల్లకి ఉంటుందే, అది. ఎన్నేళ్ళుగానో చెప్పాలనుకున్న మాట చెప్పేసింది. ఇప్పుడు ఆ పిల్ల ఏం చేస్తుంది? ఛీ అంటుందా, అమ్మా అంటుందా?

మేం తినడానికి వెళ్ళలేదు. నడవాలో ఫోను మోగింది. నెబ్రాస్కా నుంచి లియోటా బ్రాండ్‌కి అని గస్ కేక పెట్టాడు. లియోటా వెళ్ళి రిసీవరు పట్టుకుంది. నేను పక్కకి చేరి చెవి ఆనించాను. సిగ్గేమీ పడలేదు. ఇన్నేళ్ళు వినగా లేనిది ఇప్పుడు వింటే తప్పా?

"పిన్నీ! లియో పిన్నీ!" ఆ పిల్ల అరుపుకి నా చెవి గింగురుమంది. "నా పేరు పెట్టేశావ్! రేడియోలో నా పేరు! పక్కింటివాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు! రేపు స్కూల్లో నేను రాణినే!"

లియోటా రిసీవరును రెండు చేతులతో చెవికి అదుముకుంది.

"పిన్నీ, ఉన్నావా? ఎంత బాగా చేశావో తెలుసా! నాన్న కళ్ళు తుడుచుకున్నాడు, నేను చూశాను. నాకైతే ఒళ్ళు జలదరించింది. నిజంగా నన్నే పిలిచినట్టుంది. పిన్నీ, పిన్నీ, ఒక్కసారి చెప్పవా? నాకోసం. అదే మాట, అలాగే."

లియోటా గోడకి ఆనుకుంది. నేను ఆమె మొహంలోకి చూశాను. చెప్పు, అన్నాను పెదాలతో. ఆమె కళ్ళు మూసుకుంది. గుంపు లేదు, పియానో లేదు, పిడికిలి లేదు. వింటున్నది ఆ పిల్ల ఒక్కతే.

"నాడీన్," అంది. "నేనే నిన్ను కన్న అమ్మని."

నా జన్మలో ఎవరూ ఏ మాటనూ అంత నిజంగా అనడం నేను వినలేదు. గొంతు వణికింది, మధ్యలో విరిగింది, చివరికి వచ్చేసరికి గాలిలా మిగిలింది.

"ఊఁ..." అంది నాడీన్. "బాగుంది. కానీ రేడియోలోనే ఇంకా బాగుంది పిన్నీ. అప్పుడు అచ్చం నిజంలా ఉంది."

"అవునమ్మా," అంది లియోటా. "మైకు ఉంటే బాగా వస్తుంది."

"ఉండు, అమ్మ మాట్లాడుతుందట."

రిసీవరు చేతులు మారింది. ఆల్మా మాటలు ఏరుకుంటోంది. పిల్ల పక్కనే ఉంది కదా మరి.

"నాకు చేతులాడలేదే," అంది చివరికి. "కూర గిన్నె కింద పడేశాను. తివాచీ అంతా పాడైంది."

"చూసుకోలేదక్కా. కళ్ళు మూసుకున్నాను."

"నీకు చిన్నప్పట్నుంచీ అదే అలవాటు." తర్వాత ఆల్మా గొంతు బాగా తగ్గింది, నేను ఇంకా దగ్గరికి జరగాల్సి వచ్చింది. "పిల్ల గాల్లో తేలుతోంది. పిన్ని తన పేరు పెట్టిందని. అంతే అనుకుంటోంది. ఆదివారం ఫోను చెయ్యి, ఎప్పట్లాగే. మర్చిపోకు."

ఒట్టు చెక్కుచెదరలేదు. గుమ్మం మూసుకోలేదు. ఆల్మాకి కోపం కూడా రాలేదు, ఆమెకి నిజంగా భయమే వేసింది పాపం. అందరూ క్షేమం. లియోటా రిసీవరు పెట్టేసి, దాని మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలీదు. చేతికి దొరికింది ఆమే కాబట్టి ఆమె మీదే పడ్డాను.

"ఏం మనిషివే నువ్వు! అంత దగ్గరికి వచ్చాక వదిలేస్తావా? ఇది నాటకం కాదమ్మా, నిజమే అని ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయేది? ఎందుకు చెప్పలేదు?"

లియోటా నావైపు చూసింది. కోపం లేదు, ఏడుపూ లేదు.

"చెప్పాను కదే మర్నా," అంది. "రెండుసార్లు చెప్పాను."

లోపల్నుంచి క్రాలీ చప్పట్లు కొట్టాడు, అందరూ రావాలని. లియోటా జోళ్ళు గోడవారన విడిచి, టైపు చేసిన కాగితం చేతిలోకి తీసుకుని, మూడోసారి చెప్పడానికి లోపలికి వెళ్ళింది.